రెండు వందల మీటర్ల వంపు

తాల్లిన్,
ఫిబ్రవరి 11

తైవో అన్నయ్యకు,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ, ఇక్కడంతా బాగానే ఉంది, ఆవులు బాగానే ఉన్నాయి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. పైగా నీ ఎడమ చెవి సంగతి నాకు తెలుసు. సగం వినకుండానే "సరే సరే" అంటావు. అందుకని ఈసారి ఉత్తరం. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో బల్ల మీద పటం పరుచుకుని కూర్చున్నాను. కిటికీ అవతల సముద్రం గడ్డకట్టి ఉంది. ఆకాశమూ అదే రంగులో ఉంది. నీళ్ళెక్కడ ఆగాయో, గాలెక్కడ మొదలైందో తెలియడం లేదు. అలా చూస్తూ చూస్తూ కునుకు పట్టింది. కలలో మన ఇల్లు నీళ్ళ మీద ఉంది. మునిగిపోలేదు, తేలుతోంది. పొగగొట్టంలోంచి పొగ కూడా వస్తోంది. పద్దెనిమిది ఆవులూ ఒకదాని వెనక ఒకటి, బడికెళ్ళే పిల్లల్లా, ఇంటి చుట్టూ ఈదుతున్నాయి. నువ్వు గుమ్మంలో కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని నల్ల రొట్టె తింటున్నావు. "లోతెంత అన్నయ్యా?" అని అడిగాను. "ఎవరు కొలిచారు?" అని నన్నే ఎదురడిగావు. మెలకువ వచ్చేసరికి పటం మీది నీలి సిరా నా చెంపకు అంటుకుని ఉంది. పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఒకటే నవ్వు. "దేశం మీద పడుకుంటే దేశం నీ మొహానికెక్కింది" అంది.

ఇక్కడ రాజధానిలో ఇది బడ్జెట్ రోజుల కాలం. ఏ గదిలోకి వెళ్ళినా నూటికి ఐదు అన్న మాటే వినిపిస్తోంది. దేశం సంపాదించే ప్రతి వందలో ఐదు రక్షణకు పోవాలట. పదమూడు లక్షల మందిమి. ఒక పెద్ద నగరంలో ఒక పేటకు సరిపోతాం. అయినా మనకూ ఫిరంగులు కావాలి, రాడార్లు కావాలి, తూర్పు సరిహద్దంతా కాపలా కావాలి. స్వాతంత్ర్య దినం కవాతు రిహార్సల్ నిన్న మా వీధిలోంచే వెళ్ళింది. చేతిలో కాఫీ చల్లారేలోగా మన సైన్యమంతా వెళ్ళిపోయింది. చివరి వరసలో ఒక కుర్ర సైనికుడి టోపీ చెవుల మీదికి జారిపోతోంది. చూస్తే నవ్వు రాలేదు, వీధి మలుపు తిరిగేదాకా అతన్నే చూస్తూ నిలబడ్డాను.

చిన్నప్పుడు మన హల్ల ఊబి అంచున నిలబడి మనం ఊరికే అలా పొగమంచులోకి చూస్తూ ఉండేవాళ్ళం, గుర్తుందా? అవతలి ఒడ్డు కనిపించేది కాదు. "అవతల ఏముంది?" అని అడిగితే నువ్వు రోజుకొకటి చెప్పేవాడివి. ఒకరోజు రాజుగారి కోట అన్నావు. ఇంకోరోజు చాక్లెట్ల ఫ్యాక్టరీ అన్నావు. నేను రెండూ నమ్మాను.

నీకొక సంగతి చెప్పాలి. చెబుదామనే కాగితం తీశాను. రెండు పేజీలు నిండాయి గాని ఆ సంగతి ఇంకా కలం దాకా రాలేదు. మార్చిలో మన ఊరి సభాభవనంలో సైన్యంవాళ్ళు మీటింగు పెడతారు. కాగితం వస్తుంది. తప్పకుండా వెళ్ళు. గడ్డం గీసుకుని వెళ్ళు. అక్కడ ఏం చెప్పారో నాకు రాయి. ఆ తర్వాత నేను రాస్తాను.

నీ చెల్లెలు
పిరెట్


హల్ల,
మార్చి 19

పిరెట్‌కి,

గడ్డం గీసుకునే వెళ్ళాను. మన బస్సు డ్రైవరు వంబోలా గుర్తుపట్టలేదు. ఎవరండీ మీరు, సైన్యం తరఫునా అని అడిగాడు.

నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. అక్షరాలు పశువుల కాళ్ళలా అడ్డదిడ్డంగా పడుతున్నాయి. ఏమీ అనుకోకు.

మీటింగుకు ఊరంతా వచ్చింది. ఊరంతా అంటే నలభై ఒక్క మందిమి. సైన్యం నుంచి కిర్సిపూ అని ఒక కెప్టెన్ వచ్చాడు. పాతికేళ్ళు దాటి ఉండవు. బాగా చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. గోడ మీద పటం వేసి చూపించాడు. ఉత్తరం నుంచి దక్షిణం దాకా నీలి రంగు పట్టీ ఒకటి ఉంది, ఆరు వందల మీటర్ల వెడల్పు. ఆ పట్టీలో ఊబి నీళ్ళు బయటికి పోయే కాలవలన్నీ పూడ్చేస్తారట. నీళ్ళు కదలక నేల మళ్ళీ ఊబిగా మారుతుందట. అందులో ట్యాంకు అడుగు పెడితే కడుపు దాకా దిగబడుతుందట. "ఒక ఫిరంగి ఖరీదుతో ఇరవై కిలోమీటర్ల సరిహద్దు కాపాడుకోవచ్చండీ" అన్నాడు.

వంబోలా లేచాడు. ఊరి బస్సు ఆగిపోయినప్పటి నుంచీ మనిషి ఎవరి మీద విరుచుకుపడదామా అని చూస్తున్నాడు. డ్రైవరుకి బస్సు లేకపోతే ఏం తోస్తుంది?

"మా బస్సుకి డబ్బుల్లేవన్నారు. బురదకున్నాయా?"

"బస్సు ట్యాంకుని ఆపలేదు కదండీ."

"నా బస్సు ఆపేదయ్యా! ఎక్కడపడితే అక్కడ రోడ్డుకడ్డంగా ఆగిపోయేది. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

కెప్టెన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత మాత్రం ఎవరూ నవ్వలేదు. పట్టీలో పడ్డ ఇళ్ళ పేర్లు చదివాడు. మన ఊళ్ళో ఒకటే ఇల్లు. పక్కింటి మీతా పిన్నిది.

పిన్ని ముందు వరసలోనే కూర్చుంది, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని. "ఇప్పుడు నన్నెక్కడికి పొమ్మంటావు నాయనా?" అని అడిగింది.

"వోరు పట్నంలో ఫ్లాటు ఇస్తారమ్మా. నాలుగో అంతస్తు. లిఫ్టు కూడా ఉంది."

"నాకు ఏడు మేకలున్నాయి. అవి లిఫ్టులో మీట నొక్కుతాయా?"

"మేకలకు వేరే నష్టపరిహారం..."

"మేకల సంగతి మేకల్నడుగు. నన్ను నా సంగతడుగు. డెబ్బై మూడేళ్ళొచ్చాయి. ఆ ఇంట్లో పుట్టాను, ఆ ఇంట్లో పెళ్ళాడాను, ఆ ఇంట్లోంచే మా ఆయన్ని మోసుకెళ్ళారు. దేశం కోసం ఇల్లిమ్మంటే ఇస్తాను. నా ఇల్లే ఎందుకో చెప్పు చాలు."

ఆ కుర్రాడు పటం వంక చూశాడు. ఆ పట్టీ ఉత్తరం నుంచి తిన్నగా వస్తూ, మన ఇంటి దగ్గరికి వచ్చేసరికి పడమటికి పక్కకు జరిగి, పిన్ని ఇంటి మీదుగా పోయి, మళ్ళీ తిన్నబడింది. మన ఇల్లు, ఆవిరి స్నానాల గది, నాన్న నాటిన ఆపిల్ చెట్లు ఒడ్డున మిగిలాయి. అందరూ నా వంక చూశారు. "అదృష్టజాతకుడివి" అన్నాడు వంబోలా. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను.

మేత పొలం మాత్రం ఎటు జరిగినా పోతుంది. ఇరవై రెండు హెక్టార్లు. నాన్న పదకొండు కాలవలు తవ్వి ఊబిలోంచి లాగిన నేల. సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. నేను దేశం వద్దనేవాణ్ణి కాదు. వాలంటీరు దళంలో పన్నెండేళ్ళు చేశాను. ఇప్పటికీ బీరువాలో తుపాకీ, యూనిఫారం ఉన్నాయి. యూనిఫారం పొట్ట దగ్గర పట్టడం లేదు, అది వేరే సంగతి. కానీ మన నాన్న కాలవల్లో నా చేతులతో మట్టి కొట్టమంటే చెయ్యి లేవదు.

నువ్వు రక్షణ శాఖలోనే పని చేస్తున్నావు కదా. ఆ పట్టీ ఎవరు గీశారో నీకేమైనా తెలుసా?

చుక్కల ఆవు ఈనింది. పెయ్య దూడ. నీ పేరే పెట్టాను. నీలాగే పొద్దున్నే లేవదు.

మీ అన్నయ్య
తైవో


తాల్లిన్,
ఏప్రిల్ 6

అన్నయ్యా,

నేనే గీశాను.

ఈ మాట రాసి కలం కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. సముద్రం మీద మంచు విరిగి పలకలు పలకలుగా తేలుతోంది. ఒక పలక మీద ఎవరో మర్చిపోయిన కుర్చీ ఉంది, చేపలు పట్టేవాళ్ళదేమో. ఖాళీ కుర్చీ సముద్రం మధ్యలోకి నెమ్మదిగా వెళ్ళిపోతోంది. అది కనుమరుగయ్యేదాకా నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

మొదటి నుంచీ చెప్తాను. పన్నెండేళ్ళ కిందట నేను నీళ్ళ పరిశోధన కేంద్రంలో ఉండేదాన్ని, నీకు తెలుసు. అప్పుడు ఒక నివేదిక రాశాను. హల్ల ఊబిని మళ్ళీ తడపాలని, ఎండిన నాచు మట్టి ఏటేటా కుంగిపోతోందని, కొంగలు వెళ్ళిపోయాయని, కాలవలు పూడిస్తే అన్నీ తిరిగొస్తాయని. నలభై వేల యూరోలు చాలన్నాను. నాలుగేళ్ళు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగి, చివరికి "ఈ సంవత్సరం నిధులు లేవు" అన్న ముద్రతో నా దగ్గరికే వచ్చింది. ఆ తర్వాత రక్షణ శాఖలో చేరాను. పోయినేడు తూర్పున యుద్ధం గురించి భయం పెరిగినప్పుడు, తక్కువ ఖర్చులో సరిహద్దును ఎలా కాపాడుకోవాలో ఆలోచనలు పంపమన్నారు. ఆ పాత నివేదికే తీశాను. కొంగలున్న చోటల్లా ట్యాంకులని రాశాను. అంతే. పదకొండు రోజుల్లో డబ్బు వచ్చింది. అప్పుడు అడిగినదానికి అరవై రెట్లు.

నేను సంతోషించాను అన్నయ్యా. దాచను. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్ళ కింద రోడ్డు మెత్తగా, నాచు మీద నడుస్తున్నట్టు ఉంది. ఇది దేశం కోసం చేశానో, ఊబి కోసం చేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

అయితే ఒక నియమం ఉంది. ఏ ఊరి పటం ఆ ఊరివాళ్ళు గీయకూడదు. మనది మరీ చిన్న దేశం, ఎవరి ఇల్లు ఎవరికి తెలియదు? ఆ నియమం అవసరమని మీటింగులో చెప్పిందీ, రాసిందీ నేనే. తీరా హల్ల పటం నా బల్ల మీదికి వచ్చినప్పుడు, ఇది మా ఊరు, నేను గీయకూడదు అని చెప్పాల్సింది. చెప్పలేదు. నా భర్తతో విడిపోయినా ఆయన ఇంటిపేరు నా పేరు చివర ఉండిపోయింది కదా, ఎవరికీ అనుమానం రాలేదు. వేరేవాళ్ళ చేతిలో పెడితే ఆ ఊబిని వాళ్ళు ఒక ఖాళీ స్థలంలా చూస్తారనిపించింది. నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు అనుకున్నాను.

నేల ఎత్తుపల్లాలు చూస్తూ గీసుకుంటూ వచ్చాను. నీళ్ళు ఎటు పోతాయో అటే పట్టీ కూడా పోవాలి. తిన్నగా వచ్చి అది మన పెరట్లోకి వెళ్ళింది. ఆవిరి గది మీద నుంచి, ఆపిల్ చెట్ల మీద నుంచి, వంటింటి మీద నుంచి. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

నాకేం గుర్తొచ్చిందో తెలుసా? నాన్న పోయిన ఏడాది నాకు ఏడేళ్ళు, నీకు పద్దెనిమిది. సాంకేతిక కళాశాల మానేసి వచ్చేశావు. పొద్దున్నే ఆవుల పాలు పితికి, అదే చేతులతో నాకు జడలు వేసేవాడివి. ఒకటి చెవి మీద, ఒకటి మెడ కింద. బళ్ళో అందరూ నవ్వితే నేను ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు నువ్వు మీతా పిన్ని దగ్గరికి వెళ్ళి, మేకకు కట్టిన తాడు మీద జడ వేయడం నేర్చుకుని వచ్చావు. ఆ వంటింట్లోనే, పొయ్యి పక్క ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి వేశావు. ఆ గదికి నీలి రంగు ఎలా వేయను?

రెండు వందల మీటర్లు పడమటికి జరిపాను. అర నిమిషం పని. పక్కన ఒక చిన్న నల్ల చుక్క ఉంది, పట్టీ కిందికి వెళ్ళింది. అది ఎవరి ఇల్లో నాకు తెలియదని నీకు రాస్తే అబద్ధమవుతుంది. తెలుసు. తెలిసే చేశాను.

నీ ఉత్తరంలో పిన్ని అడిగిన మాట చదివాను. "నా ఇల్లే ఎందుకో చెప్పు చాలు." ఈ దేశంలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను కాగితాల వెనక దాక్కుని ఉన్నాను. ఇంకొకటి కూడా ఉంది. పిన్ని ఇల్లున్నది మెట్ట మీద. అక్కడ ఎంత పూడ్చినా నీళ్ళు నిలవవు. నేను వంచిన చోట ఆ పట్టీ ఉత్త రంగే, అందులో ఊబి ఉండదు. ఎప్పుడైనా ఎవరైనా వస్తే అక్కడి నుంచే వస్తారు. వందలో ఐదు ఇచ్చి, బస్సులు ఆపుకుని, పన్నులు కట్టుకుని జనం కట్టుకుంటున్న గోడలో మన వంటింటి కోసం నేనొక తలుపు పెట్టాను.

రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. ఇంకా ఇవ్వలేదు. ఇస్తే పటం సరిదిద్దుతారు. సరిదిద్దితే నీ ఇల్లు పోతుంది. ఏం చేయను అన్నయ్యా? చిన్నప్పుడు అడిగినట్టు అడుగుతున్నాను. అవతల ఏముందో చెప్పు.

పిరెట్


హల్ల,
మే 12

పిరెట్,

ఆలస్యమైంది. రాయడానికి ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉండిపోయాయి.

ముందు ఒకటి చెప్పనీ. నువ్వే గీశావని నాకు మీటింగు రోజే తెలుసు. కెప్టెన్ పటాన్ని పెద్దది చేసి చూపించినప్పుడు మన పొలం చివర పల్లం దగ్గర చిన్న అక్షరాలతో "నాయనమ్మ జోడు" అని ఉంది. నాయనమ్మ కుడికాలి జోడు ఆ బురదలో ఉండిపోయిందని మనింట్లో తప్ప ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. ఏ సర్కారు పటంలోనూ ఆ గుంటకు పేరు లేదు. తల వంచుకుని కాఫీ తాగుతూ కూర్చున్నాను. నీకు ఉత్తరం రాసినప్పుడు, ఎవరు గీశారో తెలుసా అని కావాలనే అడిగాను. నువ్వు చెబుతావా లేదా అని చూశాను. చెప్పావు. చెప్పకపోయుంటే ఏం చేసేవాడినో నాకు తెలియదు. ఆ మాట మీద నన్ను మరీ మంచివాణ్ణి అనుకోకు. ఒక వారం పాటు ఆ వంపు నాకు నచ్చింది. పొద్దున లేచి ఆపిల్ చెట్లు చూసుకుని, నా చెల్లెలు కాపాడింది అనుకున్నాను. ఆ వారంలోనే పిన్ని మేకపాల జున్ను తెచ్చింది. సామాన్లు సర్దుతూ ఆ గిన్నె నాకిద్దామని తీసిందట. "పట్నంలో ఎవరికి వండుతాను" అంది. ఆ జున్ను నేను తినలేదు. కుక్కకు పెట్టాను. అది మాత్రం తింది.

ఇంకొకటి నేనూ దాచాను. నాన్న కాలవలు తవ్విన ఏడు పొలం మధ్య ఒక ఇనప స్తంభం పాతాడు, పైభాగం నేలకు సమంగా. ఇప్పుడది నా ఛాతీ దాకా ఉంది. స్తంభం పెరగలేదు, నేల కుంగిపోయింది. నువ్వు పన్నెండేళ్ళ కిందట రాసిందే నిజం. ఏటా మోటారు పెట్టి నీళ్ళు తోడుతున్నాను, ఏటా పొలం ఇంకాస్త కిందికి దిగుతోంది. ఇంకో పదేళ్ళయితే ఎవరూ పూడ్చక్కర్లేకుండానే మునిగేది. నాన్న పొలాన్ని నేను నిలబెట్టలేకపోయానని నీతో చెప్పడానికి సిగ్గేసింది.

సరే, ఏం చేశానో చెప్తాను. మంచు కరిగి నేలంతా మెత్తబడ్డాక కెప్టెన్‌ను రమ్మన్నాను. ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి నిండా మేత కట్టలు వేశాను. ఊళ్ళోవాళ్ళకు చెప్పకపోయినా వచ్చారు. ముందు పిన్ని పెరట్లోంచి నడిపాను. ఆ చివర నుంచి ఈ చివరకు. చక్రాల జాడ వేలెడు లోతు కూడా పడలేదు. "చూశారా కెప్టెన్ గారూ, ఇక్కడ ట్యాంకు పెళ్ళికొడుకులా ఊరేగుతుంది" అన్నాను. తర్వాత మన పెరట్లోకి తిప్పాను. ఆవిరి గది దాటి పది అడుగులు వెళ్ళానో లేదో, ముందు చక్రాలు దిగాయి. వెనకవీ దిగాయి. ఇంజను దాకా దిగింది. నేను సీటు మీద నిలబడి దూకాను. దూకితే నేనూ మోకాళ్ళ దాకా దిగాను.

"ఇంత బాగా మునిగే కొంప ఇక్కడ పెట్టుకుని నా కొంప మీద పడ్డారేంటయ్యా!" అని అరిచింది పిన్ని గట్టు మీద నుంచి. ఊరంతా పడీ పడీ నవ్వారు. వంబోలా కళ్ళు తుడుచుకుంటూ, "నా బస్సుకి తమ్ముడు దొరికాడు" అన్నాడు. ట్రాక్టర్ బయటికి లాగడానికి సైన్యం బండి రావాల్సి వచ్చింది.

కెప్టెన్ నవ్వలేదు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"పట్టీ మీ ఇంటి మీదుగా వెళ్ళాలండీ. తెలిసే చూపించారా?"

"తెలిసే."

"మరి ఈ వంపు ఎందుకొచ్చిందంటారు?"

"గీసినవాళ్ళను అడగండి. వాళ్ళే చెబుతారు" అన్నాను. నీ పేరు చెప్పలేదు. దాచడానికి కాదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది. నేను చెబితే నీకేమీ మిగలదు. కాబట్టి వాళ్ళు అడిగేలోపు వెళ్ళి చెప్పు. రాజీనామా ఇస్తావో లేదో నీ ఇష్టం, ముందు నిజం ఇవ్వు.

కాగితం మీద సంతకం పెట్టేశాను. మొన్న పదకొండో కాలవకు మొదటి అడ్డుకట్ట వేశారు. యంత్రం నడిపేవాడితో, నన్ను వేయనివ్వమన్నాను. నాన్న ఆఖరుగా తవ్విన కాలవ అది. చెయ్యి లేవదనుకున్నాను, లేచింది. మట్టి పడ్డాక నీళ్ళు కాసేపు ఆగి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడక్కడే తిరిగాయి. తర్వాత వెనక్కి మళ్ళాయి. చప్పుడు లేదు. గడ్డిలోంచి, ఒక్కొక్క పరకను దాటుకుంటూ, మనుషులు నిద్రపోయే ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాయి. మధ్యాహ్నానికి మన పొలంలో ఆకాశం దిగింది. మబ్బులు కాళ్ళ దగ్గర నడుస్తుంటే నేను గట్టు మీద కూర్చుండిపోయాను. బాధ ఉంటుందనుకున్నాను. ఉంది. దానితో పాటు ఇంకేదో కూడా ఉంది, దాని పేరు నాకు తెలియదు. నీకు తెలుస్తుంది.

తొమ్మిది ఆవుల్ని అమ్మాను. మిగతావాటిని ఎగువన ఉన్న పాత ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం కొట్టంలోకి తోలాను. నీ పేరు పెట్టిన దూడను అమ్మలేదు. నాకు కూడా పట్నంలో నాలుగో అంతస్తు ఇస్తామన్నారు. పిన్ని వినేసింది. "ఆ పక్కగది ఖాళీగా పడుంది. చుట్ట కాల్చనంటే వచ్చి ఉండు" అంది. చుట్ట మానడం ఇల్లు మునగడం కన్నా కష్టంగా ఉంది.

అవతల ఏముందని అడిగావు. వెళ్ళి చూశానమ్మా, అడ్డుకట్ట వేసిన రోజు గట్టు దిగి. చాక్లెట్ల ఫ్యాక్టరీ లేదు. ఇలాంటి ఊరే ఇంకొకటి ఉంది.

పిన్నికి అంతా చెప్పాను, నీ జడల సంగతితో సహా. లేచి మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక గానీ ఇంట్లోకి రాలేదు. ఆమెకు నువ్వే రాయి.

మీ అన్నయ్య
తైవో


తాల్లిన్,
జూన్ 2

గౌరవనీయులైన మీతా పిన్నికి,

ఈ ఉత్తరాన్ని అన్నయ్య చేత చదివించుకోకండి. అందుకే ఇంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

మీ ఇంటి మీద నీలి రంగు వేసింది నేను. అది మీ ఇల్లని తెలుసు. నాకు పడమటి గది కిటికీ తెలుసు, మెట్ల కింద మేకలు పడుకునే చోటు తెలుసు, జ్వరమొచ్చినప్పుడు మీరు నాకు కాచి ఇచ్చిన తేనెపాల రుచి తెలుసు. ఇన్ని తెలిసినా, మీదొక చుక్క అనుకున్నాను. మీటింగులో మీరు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదట. జవాబు ఇదే పిన్నీ. మా అన్నయ్య ఇల్లు పోకూడదని మీ ఇల్లు తీసుకున్నాను. ఇంకే కారణమూ లేదు. నేలా, నీళ్ళూ, దేశమూ ఏవీ అడగలేదు. నేనే.

మా పై అధికారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ పటాన్ని దగ్గరికి లాక్కున్నారు. "ఎన్ని మీటర్లు?" అన్నారు. రెండు వందలన్నాను. "ఆ నియమం రాసింది నువ్వే కదా" అన్నారు. అవునన్నాను. విచారణ మూడు రోజులు జరిగింది. రాజీనామా తీసుకోలేదు. ఉద్యోగం వదిలి వెళ్ళిపోవడం నాకు తేలికైన దారి అన్నారు. పటాల గదిలోంచి తీసేశారు. నేను గీసిన మిగతా పటాలన్నీ వేరేవాళ్ళు మళ్ళీ చూస్తున్నారు. జీతం తగ్గించి, రెండు వేసవులు హల్లలోనే కాలవలు పూడ్చే బృందంతో ఉండి, రోజూ నీటిమట్టం కొలవమన్నారు. ఒక కర్ర, ఒక పుస్తకం ఇచ్చారు. ఇన్నేళ్ళూ కుర్చీలో కూర్చుని నీళ్ళు గీశాను. ఇప్పుడు అందులో నిలబడి కొలవాలి.

ఈ నెల పదిహేను, సోమవారం నాడు బృందం గుడారాలు వేస్తుంది. నాకూ అందులో చోటుంది. కానీ గుడారంలో ఉంటే మీకు కనబడకుండా తప్పించుకు తిరగడం చాలా సులువు. నన్ను నేను ఎరుగుదును, అలాగే చేస్తాను. అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీ ఇంట్లో నాకొక మూల దొరుకుతుందా? అద్దె ఇస్తాను, పని చేస్తాను, తిడితే పడతాను. వద్దంటే గుడారం ఉంది, మీ తప్పేమీ కాదు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే అది కూడా ఏదో తీసుకున్నట్టే ఉంటుంది.

ఎల్మార్ కూతురు
పిరెట్


హల్ల,
జూన్ 7

పిల్లా,

కళ్ళద్దాలు దొరక్క నీ ఉత్తరం రెండు రోజులు డబ్బాలో ఉండిపోయింది. చదివాను.

గుడారాలు చలి. ఆ సోమవారం ఇక్కడికే రా. ముందు గేటు నుంచి రా, వెనక నుంచి వస్తే మేకలు పొడుస్తాయి, నిన్ను మర్చిపోయాయి. మంచం నీకు, మీ అన్న నేల మీద పడుకుంటాడు. అద్దె వద్దు, బావి నుంచి నీళ్ళు తేవాలి. నీ మీద నాకు కోపం ఇంకా ఉంది. ఉత్తరంలో రాయను, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను, నాకు ఒకటి రెండు సాయంత్రాలు పట్టొచ్చు.

భోజనం ఆరింటికి. ఆలస్యం చేస్తే సూప్ చల్లారిపోతుంది.

మీతా